జింకల బంజర్లో ఐదు వేల మొక్కలా? వద్దు

అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊరికి ఆనుకుని అరవై ఎకరాల దాకా బంజరు ఉంది. పొద్దున పూట ఇరవై, ముప్పై జింకలు కనిపిస్తాయి. గుంటనక్కలు కూడా ఉన్నాయి. యువజన సంఘం వాళ్లు రెండు లక్షలు చందా పోగుచేశారు. ఆ నేలలో ఐదు వేల మొక్కలు నాటి, నడుమ ఒక కుంట తవ్వి, చుట్టూ కంచె వేసి 'జింకల పార్కు' చెయ్యాలనుకుంటున్నారు. ఏ మొక్కలైతే బాగా వస్తాయి, పర్మిషన్ ఎవరి దగ్గర తీసుకోవాలి అని అడిగారు.

నేను అటవీ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. మొదట కర్నూలు పడమటి మండలాలు, తర్వాత నందికొట్కూరు వైపు, బద్వేలు వైపు, చివర్లో గుంతకల్లు వైపు. ఇప్పుడు కర్నూల్లో ఉంటున్నాను. సూటిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మొక్కలు కొనకండి. కుంట తవ్వకండి. కంచె అసలే వద్దు. ఆ మూడూ చేస్తే ఐదారేళ్లకు మీ దగ్గర పార్కు ఉంటుంది, జింకలు ఉండవు.

చెట్లు నాటొద్దని చెప్పే ఫారెస్టు వాణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. నేనూ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏటా వనమహోత్సవానికి గుంతలు తీయించినవాణ్ణే. చెట్టు మీద నాకేం పగ లేదు. అయితే ఏ నేలలో నాటాలి, ఏ నేలను వదిలెయ్యాలి అన్నది నాకు తెలియడానికే పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లు మీకు పట్టకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ నేల సంగతి. బంజరు, గయాళు అన్నవి రెవెన్యూ మాటలు. సాగు లేదు, శిస్తు రాదు అని చెప్పడానికి పెట్టిన పేర్లు. దేశవ్యాప్తంగా బీడు భూముల అట్లాసు వేసినప్పుడు కూడా గడ్డి నేలలను, పొదల నేలలను అందులోనే కలిపేశారు. దాంతో ఎవరికి ఖాళీ స్థలం కావాలన్నా మొదట కళ్లు పడేది వీటి మీదే. మొక్కల పథకమైనా, సోలార్ పార్కైనా, గాలిమరలైనా ఇక్కడికే వస్తాయి.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అదీ కొద్ది రోజుల్లో కుమ్మరించి పోతుంది. ఆ వానకు, ఆ పలచటి మన్నుకు తనంతట తాను వచ్చేది గడ్డి. బోద, చెంగలి, గరిక. మధ్యలో ఒక రేగు పొద, ఒక తంగేడు, ఒక కలివి. ఎండాకాలంలో చూస్తే ఏమీ లేని బోడి నేలలా ఉంటుంది. జూన్‌లో రెండు పదున్లు పడనివ్వండి, పది రోజుల్లో పచ్చ దుప్పటి కప్పుకుంటుంది. అలాగని ప్రతి బోడి నేలా మంచి గడ్డి నేలే అనను. ఒకప్పుడు చెట్లుండి, నరికేస్తే బోడిగా మిగిలిన గుట్టలు కూడా మన దగ్గర చాలా ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న గుర్తు చెబుతాను. వాన పడకముందు, మే నెలలో వెళ్లి నేల చూడండి. ఎండిన గడ్డి దుబ్బులు వేరుతో సహా పట్టుకుని ఉంటే, లాగితే రాకపోతే, అది ఏళ్ల తరబడి అక్కడే బతుకుతున్న గడ్డి. మీ దగ్గర ముప్పై జింకలున్నాయంటే ఆ దుబ్బులు ఉండే ఉంటాయి.

ఇప్పుడు జింక. మనం మాట్లాడుతున్నది కృష్ణజింక గురించి, మన రాష్ట్ర జంతువు. దాని బతుకంతా చూపు మీదే నడుస్తుంది. దూరంగా కదిలే కుక్కనో తోడేలునో ముందే చూసి పరుగెత్తడం ఒక్కటే దానికి తెలిసిన రక్షణ. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. కానీ ఆ వేగానికి ఎదురుగా ఖాళీ ఉండాలి. ఇరవై అడుగులకొక చెట్టు పెడితే దానికి అవతల ఏముందో కనపడదు. కనపడని చోట అది మేత మెయ్యదు. నీడ ఉంటే జింకలకు మంచిది కదా అని మీరు రాశారు. ఎండలో మీకు నీడ కావాలి, నాకూ కావాలి. కృష్ణజింక మాత్రం మిట్టమధ్యాహ్నం బయట నేల మీదే పడుకోవడం మీరు చూసే ఉంటారు.

పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. జింక ఈనాక మొదటి రెండు వారాలు పిల్లను గడ్డిలో దాచి, తల్లి కాస్త దూరంగా మేస్తుంది. పిల్ల కదలదు, మెదలదు. పక్కనే నడిచి వెళ్లినా మనకు కనపడదు. ఏటా ఎవరో ఒకరు ఈ పిల్లను చూసి, 'అయ్యో, తల్లి వదిలేసింది' అని ఇంటికి తెచ్చి, ఆవు పాలు పట్టి, నాలుగు రోజులకు మా దగ్గరికి తెచ్చేవారు. చాలావరకు బతికేవి కావు. దయచేసి మీ ఊళ్లో అందరికీ ఈ ఒక్కమాట చెప్పండి. పిల్ల ఒంటరిగా కనిపిస్తే ముట్టుకోకుండా వచ్చిన దారినే వెళ్లిపోవాలి. తల్లి చూస్తూనే ఉంటుంది.

గుంటనక్క కూడా అంతే, ఆరుబయట జీవి. పొలం ఎలుకలు, మిడతలు, చెదలు, రేగుపండ్లు దాని తిండి. బొరియలు నేల మీదే తవ్వుతుంది. ట్రాక్టరుతో గుంతలు తీస్తే మొదట పోయేది ఆ బొరియలే. ఇక పక్షులైతే భరత పక్షి, పూరేడు, కౌజు, చీతువ, ఇవన్నీ నేల మీద గుడ్లు పెట్టేవే. మన కళ్లముందే ఉన్నా కనపడని గుడ్లు. చెట్లు లేనంతవరకు కాకికీ డేగకూ అక్కడ కూర్చుని చూసే చోటు లేదు. మీరు ఐదు వేల మొక్కలు నాటితే వాటికి ఐదు వేల పీటలు వేసినట్టు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి హ్యారియర్ గద్దలు మన వైపు వస్తాయి. అవి రాత్రి చెట్టెక్కవు, గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. పగలంతా మిడతల్ని తింటాయి. కంది రైతుకు, శనగ రైతుకు పైసా ఖర్చు లేని కూలీలు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, కర్నూలు పడమటి మండలాల్లో ఒక ఊరు. పేరు వద్దు. మీరు చెప్పినట్టే ఉండేది ఆ నేల. ఏదో పథకం కింద డబ్బులొచ్చాయి, మార్చిలోపు ఖర్చు పెట్టాలి. కందకాలు తవ్వించాం, గట్ల మీద కానుగ, గ్లిరిసిడియా పెట్టించాం. గుంతల లెక్క రాసి సంతకం పెట్టింది నేనే. మూడో ఏడుకి పెట్టిన మొక్కల్లో నాలుగోవంతు కూడా లేవు. తవ్విపోసిన ఎర్రమట్టి గట్ల మీద మాత్రం సర్కారు తుమ్మ దట్టంగా లేచింది. గొర్రెలు కాయలు తిని పేడలో విత్తనాలు తెచ్చాయి, కందకం నీళ్లిచ్చింది. జింకల మంద రోడ్డు దాటి అవతలి శనగ చేలల్లోకి మారింది. అంతవరకు ఆ ఊరి రైతులకు జింకల మీద పెద్ద కంప్లైంటు లేదు. ఆ ఏడు ముప్పై మంది వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఒక పెద్దాయన, 'సార్, వాటి ఇల్లు మీరు తవ్వితిరి, అవి మా ఇంటికి వచ్చె' అన్నాడు. నేనేమీ అనలేకపోయాను.

దీనికంటే పెద్ద పాఠం రోళ్లపాడు. నందికొట్కూరుకు దగ్గర్లో ఉంటుంది, అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. 614 హెక్టార్లు, అంటే 1,500 ఎకరాల పైచిలుకు. ప్రకటించింది ముఖ్యంగా బట్టమేక పక్షి కోసం. మగది పదిహేను కిలోల దాకా బరువు తూగుతుంది, ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఒకటి. విడతకు ఒక్కటే గుడ్డు, అదీ నేల మీద. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అక్కడే మకాం వేసి ఈ పక్షిని గమనించారు. అప్పట్లో పదుల సంఖ్యలో కనిపించేవి. ఈ రోజు రోళ్లపాడుకు వెళ్తే మీకు కనిపించేది కృష్ణజింకలు. బట్టమేక కోసం వెళ్లినవాళ్లు చూడకుండానే తిరిగి వస్తారు.

ఎందుకిలా అయింది? వేటగాళ్ల వల్ల మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ పక్షికి 1,500 ఎకరాలు సరిపోవు. ఆ కంచె లోపల గుడ్డు పెట్టుకునేది, మేతకు బయటి చేలల్లోకి పోయేది. బయట అప్పట్లో కొర్ర, జొన్న, మధ్యలో బీళ్లు. పురుగులు, మిడతలు దండిగా దొరికేవి. తర్వాత కాలువ నీళ్లొచ్చాయి, పంటలు మారాయి, మందులు పెరిగాయి, కరెంటు తీగలొచ్చాయి. బట్టమేకకు పక్కకు కనిపించినంత బాగా ముందుకు కనిపించదు. బరువైన ఒళ్లు, చివరి క్షణంలో తిప్పుకోలేదు. తీగ తగిలితే అంతే. రాజస్థాన్, గుజరాత్‌లలో ఈ తీగలను భూమిలోంచి వెయ్యమని 2021లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, 2024లో ఆ ఆదేశాన్ని మళ్లీ సవరించింది కూడా. ఇప్పుడు దేశం మొత్తం మీద ఈ పక్షులు ఎక్కువగా మిగిలింది జైసల్మేరు చుట్టుపక్కలే.

రైతును నేను తప్పు పట్టను. నీళ్లొస్తే ఎవరైనా రెండో పంట వేస్తారు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: కంచె లోపల ఏం చేశామన్నదాని కంటే కంచె బయట ఏం జరిగిందన్నదే ఆ పక్షి తలరాతను రాసింది. మీ అరవై ఎకరాలకు కూడా అదే లెక్క. మీ ముప్పై జింకలు ఆ అరవై ఎకరాల మీదే బతకడం లేదు. చుట్టూ నాలుగైదు ఊళ్ల బీళ్లు, వాగు పోరంబోకులు, కోసేసిన చేలు, అన్నీ కలిపి వాటి ఇల్లు. మీరు కంచె వేస్తే లోపలివి లోపల ఇరుక్కుంటాయి, లేదా బయటివి లోపలికి రాలేవు.

పైగా కంచెతో చట్టం చిక్కు ఉంది. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. ఆ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, బంధించడం కూడా వేటే. మీరెంత మంచి మనసుతో చేసినా, అడవి జింకల్ని కంచెలో మూసి 'పార్కు' బోర్డు పెడితే అది నేరం కిందికి వస్తుంది. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. ముళ్లతీగ అయితే రాత్రిపూట పరుగులో తగులుకుని పొట్టలు చీలిన జింకల్ని నేను చేతులతో ఎత్తాను. అది మీరు చూడకూడదు.

కుంట ఎందుకు వద్దన్నానంటే, ఆరుబయట ఒక్క చోట నీళ్లుంటే మొదట చేరేది ఊరకుక్కలు, తర్వాత ఉచ్చులు పెట్టేవాళ్లు. అభయారణ్యాల్లో సాసర్ పిట్లు (లోతు తక్కువ నీటి తొట్లు) కట్టి ఎండాకాలం ట్యాంకరుతో నింపిస్తామంటే, అక్కడ రాత్రి పగలు తిరిగే వాచర్లు ఉంటారు కాబట్టి. మీ దగ్గర ఎవరుంటారు? జింకలు ఇన్నాళ్లూ ఎక్కడ తాగుతున్నాయో ముందు కనుక్కోండి. చెరువు అలుగు దగ్గరో, వాగు మడుగులోనో, ఎవరిదో డ్రిప్ పైపు కారే చోటో ఉండే ఉంటుంది. ఆ దారి మూసుకుపోకుండా చూస్తే చాలు.

ఇక మీ రెండు లక్షలు. నేనైతే మొదటి రూపాయి బావుల మీద పెడతాను. మీ చుట్టుపక్కల పాడుబడ్డ దిగుడు బావులు ఎన్ని ఉన్నాయి? కరువుల్లో ఎండిపోయి, బోర్లు వచ్చాక అందరూ వదిలేసిన బావులు. పిట్టగోడ ఉండదు, చుట్టూ కంప మొలిచి నోరు కనపడదు. కుక్కలు తరిమినప్పుడు జింకలు వాటిలో పడతాయి. గుంతకల్లు వైపు నా చివరి మూడేళ్లలో జింకల కోసం వచ్చిన ఫోన్లలో ఎక్కువ ఇవే. తాళ్లు, నులక మంచం, నలుగురు మనుషులు, ఒక గంట టెన్షన్, తీసినా సగం సార్లు కాలు విరిగి ఉండేది. రైతును అడిగి, నడుమెత్తు గోడ కట్టించండి, అది కుదరకపోతే పైన ఇనుప జల్లెడ వేయించండి. పిల్లలకూ పశువులకూ కూడా మంచిదే కాబట్టి ఎవరూ కాదనరు. ఊరివాళ్లను మీ వైపు తిప్పుకోవడానికి ఇంతకంటే మంచి మొదటి పని లేదు. మూత లేని బోరు గుంతలు కనిపిస్తే వాటినీ మూయించండి.

రెండోది కంప. సర్కారు తుమ్మ మీ బంజర్లో ఎంత వచ్చిందో రాయలేదు, కానీ రాకుండా ఉండదు. గడ్డి నేలను నిజంగా మింగేది అదే. నరికితే పోదు, ఒకటికి పది కొమ్మలు వేస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, నేల కింద అడుగు లోతున వేరుతో సహా తియ్యాలి. చిన్న మొలకలైతే వాన పడ్డ మర్నాడు చేత్తో లాగితే వస్తాయి, స్కూలు పిల్లలు కూడా లాగగలరు, ముల్లు జాగ్రత్త. ఎప్పుడు చెయ్యాలన్నది ముఖ్యం. జూన్ నుంచి ఆగస్టు దాకా పిట్టలు నేల మీద గుడ్లు పెట్టే కాలం, ఎండాకాలం ముందు గుంటనక్క పిల్లలు బొరియల్లో ఉంటాయి. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు లోపు చెయ్యండి, నేల కూడా మెత్తగా ఉంటుంది. అంతా ఒకేసారి పీకొద్దు, ఏడాదికి పది పదిహేను ఎకరాలు చాలు. బొరియ పక్కనున్న పెద్ద పొదలను అలాగే వదలండి. ప్రభుత్వ భూమి కాబట్టి కంప కొట్టాలన్నా పంచాయతీ తీర్మానం, తహసీల్దారు అనుమతి తీసుకుని కొట్టండి. బొగ్గుల బట్టీ వాళ్లు తామే కొట్టుకుపోతామంటారు. ఒప్పుకోవచ్చు, కానీ వేరు తియ్యాలన్న షరతు రాయించుకోండి, లేకపోతే పైన కొట్టి లారీ ఎక్కించి వెళ్లిపోతారు.

వయ్యారిభామ (పార్థీనియం కలుపు) కూడా పీకండి. పూత రాకముందు, చేతికి గ్లౌజులు వేసుకుని. అంతకుమించి చెప్పడానికేం లేదు.

మూడోది, నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది, గొర్రెల కాపర్లు. మీ ప్రశ్నలో 'మేకలు, గొర్రెలు రాకుండా కంచె' అని ఉంది. అది చదివి కాస్త బాధపడ్డాను. ఆ నేల ఈనాటికీ గడ్డి నేలగా మిగిలిందంటే సగం వాళ్ల వల్లే. మంద తిరిగిన చోట గడ్డి పొట్టిగా ఉంటుంది, చూపు ఆనుతుంది. కొత్త చిగురు వస్తుంది. అసలు మేపు లేకుండా పదేళ్లు వదిలేస్తే పొదలు కమ్ముతాయి. మరీ ఎక్కువ మేపితే దుబ్బు చచ్చి, పశువు ముట్టని మొక్కలు మాత్రమే మిగులుతాయి. ఈ రెండింటి నడుమ ఎక్కడ ఆపాలో వాళ్లకు మీకంటే, నాకంటే బాగా తెలుసు. కాపర్లను రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టి ఒక ఒప్పందం చేసుకోండి. అరవై ఎకరాల్లో ఒక ఇరవై ఎకరాలు జూన్ నుంచి అక్టోబరు దాకా మంద తోలకూడదు. గడ్డి గింజ పట్టి రాలాక, దసరా తర్వాత, ముందు కోత, తర్వాత మేపు. మరుసటి ఏడు ఇంకో ఇరవై ఎకరాలు. కోసిన గడ్డి మొదటి హక్కు వాళ్లదే అని చెప్పండి. వేలం పెట్టి సంఘానికి డబ్బు చేసుకుందామన్న ఆశ మొదటి ఏడు వద్దు. ఆ ఒప్పందం కాగితం మీద కంటే నలుగురి నోటి మీద ఉంటేనే నిలబడుతుంది.

తోడేళ్ల గురించి మీరు రాయలేదు. ఉన్నాయో లేవో కాపర్లను అడగండి, నిజం చెబుతారు. ఉంటే మాత్రం బొరియ ఎక్కడుందో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు. పొగ పెట్టి పిల్లల్ని చంపే అలవాటు ఇంకా పోలేదు. గొర్రెను తోడేలు ఎత్తుకుపోతే పరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చని కాపర్లకు చెప్పండి. కళేబరాన్ని కదిలించకుండా అటవీ సిబ్బందికి కబురు పెట్టాలి. ఆ కాగితం పని మీ చదువుకున్న కుర్రాళ్లు చేసిపెడితే, తోడేలు ప్రాణం ఆ కాగితంతోనే నిలబడుతుంది.

కాపర్లను అడగమని ఊరికే అనడం లేదు, స్థానికుల జ్ఞానం అలాంటిది. కలివి కోడి అనే అరుదైన పిట్ట కథ మీకు తెలిసే ఉంటుంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు దీన్ని లోకానికి చెప్పాడు. 1900లో మీ అనంతపురం దగ్గరే ఒకసారి కనిపించింది. ఆ తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనపడక, అంతరించిందనే రాసేశారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగి అడిగాడు. రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే ఊరి వేటగాడు. పట్టిన పిట్ట బతకలేదు, అది వేరే బాధ. కానీ శాస్త్రవేత్తలకు పోయిందనిపించిన పిట్ట అక్కడి మనుషులకు ఉన్నదే, పేరుతో సహా.

దానికోసమే కడప జిల్లాలో లంకమల అభయారణ్యం వచ్చింది. అక్కడ పనిచేసినప్పుడు నేను నేర్చుకున్నది ఏమిటంటే, ఆ పిట్టకు పొదలు మరీ ఒత్తుగా ఉన్నా పనికిరావు, మరీ పలచనైనా పనికిరావు. పొదకూ పొదకూ మధ్య నడిచేంత ఖాళీ నేల కావాలి. రాత్రిపూట తిరిగే పిట్ట, కంటికి చిక్కదు. అందుకని ఆ ఖాళీల్లో మెత్తటి మన్ను పరిచి పొద్దున్నే కాలిముద్రలు వెతికేవాళ్లు. తెలుగుగంగ కాలువ ఆ నేలల మీదుగా తవ్వబోతే గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి, చివరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది. చూపుకు పనికిరాని కంప అడవి అది. అక్కడ కూడా ఎవరైనా 'పచ్చదనం పెంచుదాం' అని మొక్కలు నాటి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

కాగితాల పని. ముందు ఆ భూమి ఎవరిదో తేల్చుకోండి. గ్రామ సర్వేయరు దగ్గర సర్వే నంబరు, ఎఫ్‌ఎంబి (పొలం కొలతల పటం) తీసుకుని, పాత భూమి రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో ఏమని ఉందో చూడండి. గయాళు అని ఉందా, మేత పోరంబోకు అని ఉందా, కొండ పోరంబోకా? మేత పోరంబోకు అయితే మీ చెయ్యి బలంగా ఉన్నట్టు. పశువుల మేతకని పెట్టిన నేల కాబట్టి ఇంకో పనికి ఇవ్వాలంటే గ్రామ పంచాయతీని అడగకుండా తేలిగ్గా కుదరదు. గయాళు అయితే రేపెప్పుడో గాలిమరకో సోలారుకో అడిగే ప్రమాదం ఉంది. అందుకే గ్రామసభలో తీర్మానం ఇప్పుడే చేయించండి. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊళ్లో ఏ చెట్టు ఏ జంతువు ఉందో ఒక రిజిస్టరు రాయాలి. మీ ఊళ్లో కమిటీ పేరుకైనా ఉండే ఉంటుంది. ఈ బంజరును, అందులోని జింకల్ని, గడ్డి రకాల్ని ఆ రిజిస్టర్లో ఎక్కించండి. రేపు ఎవరైనా 'అక్కడ ఏముంది, రాళ్లు రప్పలు' అంటే చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి కదా.

వన్యప్రాణి చట్టంలో 2002 సవరణ తర్వాత రెండు కొత్త దారులు వచ్చాయి. ప్రభుత్వ భూమి అయితే కన్జర్వేషన్ రిజర్వు, సొంత భూమి లేదా ఊరి ఉమ్మడి భూమి అయితే కమ్యూనిటీ రిజర్వు. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాలి. మొదటి ఏడాదే దాని వెంట పడొద్దని నా సలహా. ఊరు మొత్తం మీ వెనక లేకుండా అర్జీ పెడితే, 'మా భూములు ఫారెస్టు వాళ్లు లాక్కుంటారు' అని పుకారు లేస్తుంది, తర్వాత ఎవరూ మీ మాట వినరు. మీ రేంజ్ ఆఫీసరుకు మాత్రం ఇప్పుడే ఒక ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకోండి. భూమి రెవెన్యూదైనా జంతువు బాధ్యత అటవీ శాఖదే.

మీ పక్క చేల రైతులతో మంచిగా లేకపోతే పైన చెప్పిందంతా వృథా. శనగ, వేరుశనగ మొలిచిన మొదటి నెల జింకల బెడద నిజమే, ఒక్క రాత్రిలో సాలుకు సాలు నాకేస్తాయి. ఆ నెల రోజులు మీ సంఘం కుర్రాళ్లు వంతులేసుకుని కాపలా పడుకోండి. పాత చీరలు కట్టడం కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత జింకలు అలవాటుపడతాయి. నాటుబాంబులు, కరెంటు తీగలు పెట్టేవాళ్లుంటే మెత్తగా చెప్పండి, వినకపోతే గట్టిగా చెప్పండి. ఆ తీగ తగిలి రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన పక్క పొలం రైతే చచ్చిపోయిన సంగతులు మనకు తెలియనివి కావు. పంట నష్టానికి ఫోటోలు తీసి, విస్తీర్ణం రాయించి, వెంటనే అర్జీ పెట్టించండి. ఆలస్యమైతే చూడటానికి ఎవరూ రారు.

ఊరకుక్కలకు రేబిస్ టీకాలు వేయించడానికి పశువుల డాక్టరుతో మాట్లాడండి. కొంత డబ్బు దానికి తీసిపెట్టండి. కోళ్ల వ్యర్థాలు బంజరు పక్కన పారబోసే అలవాటు ఉంటే అది మాన్పించండి, కుక్కల మంద తయారయ్యేది అక్కడే. నక్షత్ర తాబేళ్లు కనిపిస్తే ఇంటికి తేవొద్దు, ఇంట్లో ఉంటే అదృష్టమని చెప్పి కొనేవాళ్లు మన జిల్లాల్లోనే తిరుగుతుంటారు. 2019 నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధం. జింకల మీదికి డ్రోన్ ఎగరెయ్యొద్దు, రీల్స్ కోసం బైకుతో తరమొద్దు.

ఇంతా చెప్పి చెట్ల కోసం తెచ్చిన ఉత్సాహాన్ని చంపేశానేమో. చెట్లు నాటాలని అంతగా ఉంటే చెరువు కట్ట కింద, బడి ఆవరణలో, రోడ్డు పక్కన నాటండి. చింత, వేప, మర్రి, రావి. హిందూపురం దగ్గర వీరాపురం చూశారా? ఊరి నడుమ చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఊరివాళ్లు ఆ చెట్లు కొట్టరు, కొంగల్ని ఎవర్నీ ముట్టనివ్వరు. సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీద కూడా రాస్తుంటారు కానీ అవి ఈ దేశపు కొంగలే, నీళ్లను బట్టి ఊరు మారుస్తుంటాయి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాలు పరుచుకుందంటే దాని చోటు అది. మీరు నాటే చింతచెట్టు మీద మీ మనవళ్ల కాలానికి కొంగ గూడు కట్టొచ్చు. జింకల బంజర్లో నాటితే కాకి కడుతుంది.

మొదట చెయ్యాల్సిన పని పెద్దగా డబ్బుతో పనిలేనిది. ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. నెలకు రెండుసార్లు, ఎప్పుడూ ఒకే దారిలో, సూర్యుడు లేచిన గంటలోపు ఇద్దరు నడవండి. ఎన్ని జింకలు, అందులో నల్ల మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, పిల్లలు ఎన్ని, ఎక్కడ కనిపించాయి, కుక్కలు కనిపించాయా, మంద ఎక్కడ మేస్తోంది, ఇవి రాయండి. లెక్క తక్కువొచ్చినా ఉన్నదున్నట్టు రాయండి, నాలాగా గుంతల లెక్క రాయొద్దు. జూన్ వానల నుంచి సంక్రాంతి దాకా రాసి ఈ జవాబు కిందే పెట్టండి. కంప ఏ మూల నుంచి మొదలుపెట్టాలో ఆ లెక్క చూసి చెబుతాను.